అత్తరు బుడ్డీ, అచ్చాపీసూ

పోయిన సంక్రాంతికి రాజోలు వెళ్ళేసరికి వీధి గదిలో ట్రెడిల్ మెషిన్ లేదు. పాత ఇనుము కొనేవాళ్ళకి కేజీల లెక్కన ఇచ్చేశారట నాన్న. మెషిన్ ఉన్నచోట నేల మీద నాలుగు బోల్టు గుంటలు, వాటి చుట్టూ ఎన్నేళ్ళ నాటిదో ఇంకు మరక. అక్కడ ఇప్పుడు కొబ్బరికాయల బస్తాలు వేసుకుంటున్నారు. "ఎప్పుడిచ్చేశారు?" అంటే "దసరాలకే" అన్నారు, కరెంటు బిల్లు కట్టిన సంగతి చెప్పినట్టు.

మాది చిన్న అచ్చాపీసు. పెళ్ళి శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, అమ్మవారి జాతర కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, ఎన్నికలొస్తే గోడపత్రికలు. ఆఫ్‌సెట్ వచ్చింది, డీటీపీ వచ్చింది, ఫ్లెక్సీలు వచ్చాయి, చివరికి వాట్సాప్‌లో తిరిగే శుభలేఖ వచ్చింది. ఒక్కోటి వచ్చినప్పుడల్లా "ఇంక మూసేస్తారు" అనుకున్నాను. మూయలేదు. లాభం అన్న మాట ఆ గదిలోంచి వెళ్ళిపోయాక కూడా ఆయన ఇంకో పదేళ్ళు పొద్దున్నే తలుపు తీసి, టైపు గళ్ళ మీద దుమ్ము దులిపి, కుర్చీలో కూర్చునేవారు. నేను ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటూ, ఫోన్లో "ఎందుకు నాన్నా ఇంకా" అని అడుగుతూ ఉండేవాణ్ణి. ఆ ప్రశ్నలో కొంత ప్రేమ ఉంది, కొంత పొగరూ ఉంది. అది ఇప్పుడు తెలుస్తోంది.

ఆ ప్రయాణంలో బ్యాగులో శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలు ఉన్నాయి. ఖాళీ అయిన గది పక్కనే మంచం వేసుకుని ఆ రాత్రి మళ్ళీ "గులాబీ అత్తరు" చదివాను. నాలుగోసారో, అయిదోసారో. ఈసారి అది వేరే కథలా కనిపించింది. ఆ "వేరే" ఏమిటో తేల్చుకుందామనే ఇదంతా రాస్తున్నాను.

కథ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒక అత్తరు సాయిబు మేలిరకం గులాబీ అత్తరు పట్టుకుని ఎక్కడో దూరాన్నుంచి పెద్దాపురం సంస్థానానికి వస్తాడు. అక్కడి మహారాజు రసికుడని, వస్తువు విలువ తెలిసినవాడని విని వస్తాడు. మహారాజు దాకా వెళ్ళాలంటే మధ్యలో దివాన్జీని దాటాలి. దివాన్జీ దాటనివ్వడు. సాయిబు తిరుగుతాడు, కాచుకుంటాడు, మళ్ళీ తిరుగుతాడు. ఇంక లాభం లేదని తెలిశాక ఆ బుడ్డిని కోటకేసి బద్దలు కొడతాడు. వాసన ఊరంతా కమ్ముకుంటుంది. తర్వాత ఏమైందో చెప్పను, చదువుకోండి.

ఈ కథ గురించి మామూలుగా చెప్పే మాట "కళాకారుడి ఆత్మాభిమానం". తప్పు కాదు. కానీ ఆ మాట అనేసి ఊరుకుంటే కథలో సగం వదిలేసినట్టే. సాయిబు కళాకారుడు మాత్రమే కాదు, వ్యాపారి కూడా. సరుకు అమ్ముకోడానికే వచ్చాడు. గులాబీ అత్తరు అంటే ఏమిటో ఒకసారి ఆలోచించండి. పువ్వుల్ని నీళ్ళలో వేసి కాచి, ఆ ఆవిరిని చందనపు నూనెలోకి దింపాలి. ఒకసారితో అయ్యేది కాదు, మళ్ళీ కొత్త పువ్వులు, మళ్ళీ కాపడం. బండ్లకొద్దీ పువ్వులు పోస్తే మిగిలేది బుడ్డెడు. అంటే ఆ సీసాలో ఉన్నది అతని పెట్టుబడి, కాలం, పనితనం, మూడూను. అతనికి డబ్బు అక్కర్లేదని కథలో ఎక్కడా అనిపించదు. డబ్బు కావాలి. కానీ డబ్బు మాత్రమే కావాలంటే పెద్దాపురం దాకా రావక్కర్లేదు కదా, దారిలో ఎంతమంది జమీందార్లు లేరు! అతనికి కావలసింది ఈ అత్తరు పీల్చి "ఇదీ అత్తరంటే" అనగలిగే ఒక్క ముక్కు. వెల ఆ ముక్కు కట్టాలి. ఇంకెవరు కట్టినా, ఎక్కువే కట్టినా, అది వేరే లెక్క.

ఈ తేడా మన కాలం వాళ్ళకి చెప్పడం కష్టం. మనకి రెండే గదులు తెలుసు. ఒకదాని మీద "ప్యాషన్" అని రాసి ఉంటుంది, రెండోదాని మీద "బిజినెస్" అని. ఉద్యోగం మానేసి బేకరీ పెట్టినవాణ్ణి ఇంటర్వ్యూ చేస్తే మొదటి గదిలో కూర్చోబెడతారు, వాడి బేకరీ మూతపడితే రెండో గదిలో పాఠం చెబుతారు. మా ఆఫీసుల్లో ఏడాదికోసారి ప్రొజెక్టర్ పెట్టి మనిషిని పని చేయించేది ఏమిటో బొమ్మలు గీసి చూపిస్తారు. నిజానికి ఆ బొమ్మల వెనకాల మంచి పరిశోధనే ఉంది. 1971లో ఎడ్వర్డ్ డెసీ అనే ఆయన కాలేజీ పిల్లలకి ముక్కల పజిల్స్ ఇచ్చాడు. కొంతమందికి వాటికి డబ్బిచ్చి, తర్వాత ఆ డబ్బు ఆపేస్తే, వాళ్ళు తీరిక సమయంలో ఆ పజిల్స్ ముట్టుకోవడం తగ్గించేశారు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు నర్సరీ పిల్లల బొమ్మల మీద ఇలాంటిదే చేశారు. బహుమతి ఇస్తామని ముందే చెప్పి గీయించిన పిల్లలు, తర్వాత తమంతట తాము గీయడం తగ్గించారు. డబ్బు ఆనందాన్ని తినేస్తుందని దీని సారాంశంగా చెప్పుకుంటారు. నేనూ చాలామందికి చెప్పాను, గొప్పగా.

కానీ ఆ పజిల్ కుర్రాళ్ళకి ఆ ముక్కలతో తిండి గడవక్కర్లేదు. బొమ్మలు గీసే పిల్లలకి స్కూలు ఫీజు కట్టాల్సిన కూతురు లేదు. సాయిబు దగ్గరికొచ్చేసరికి ఆ రెండు గదుల మధ్య గోడ కూలిపోతుంది. డబ్బు అతని ఆనందాన్ని తినెయ్యడం లేదు. తెలిసినవాడి చేతిలోంచి వచ్చే డబ్బే అతని ఆనందం.

శ్రీపాద పనితనం ఎక్కడుందో చూడండి. అత్తరు తయారీ గురించి పేజీలు నింపి మనల్ని మురిపించవచ్చు. ఇవాళ ఎవరైనా రాస్తే అలాగే రాస్తారు, కుండలూ పొగా పువ్వులూ, డాక్యుమెంటరీలాగా. ఆయన తన కలం బలమంతా గుమ్మం దగ్గర ఖర్చు పెట్టాడు. ఎవరు ఎవరితో ఏ మర్యాదతో మాట్లాడుతున్నారు, ఆ మర్యాదలో ఎంత విషం ఉంది, కాచుకోవడమంటే మనిషికి ఎలా ఉంటుంది. సంభాషణ రాయడంలో శ్రీపాదకి తెలుగులో సాటి లేరని అందరూ అనే మాటే. కానీ అది పలుకుబడి అందం ఒక్కటే కాదు. ఆయన సంభాషణల్లో ఎప్పుడూ ఒకడు గుమ్మం లోపల ఉంటాడు, ఒకడు బయట. వాక్యం పొడుగు, పిలుపు, వెటకారం, అన్నీ దాన్నిబట్టి మారిపోతాయి. మా గోదావరి వెటకారం నవ్వించడానికని అందరూ అనుకుంటారు. అది గుమ్మం కాసేవాడి చేతికర్ర కూడానని శ్రీపాదకి బాగా తెలుసు.

తయారు చేసేవాణ్ణి చంపేది గిరాకీ లేకపోవడం కాదు, గిరాకీకీ తనకీ మధ్య నిలబడ్డవాడు. బుడ్డి పగలగొట్టడాన్ని నేను ఇప్పుడు అలా చదువుతున్నాను. అది కోపమే, అభిమానమే. దానితోపాటు దివాన్జీని దాటెయ్యడానికి మిగిలిన ఒకే ఒక్క ఉపాయం కూడా. మనిషిని ఆపగలరు, సీసాని ఆపగలరు, వాసనని ఏ కాపలావాడు ఆపుతాడు? కాకపోతే ఆ ఉపాయం ఒక్కసారికే పనికొస్తుంది. సరుకంతా దానికే పోతుంది.

ఈ సంగతి శ్రీపాదకి పుస్తకాల్లోంచి తెలిసింది కాదు. 1891లో పొలమూరులో వేదపండితుల ఇంట పుట్టాడు. సంస్కృతం చదివి కుల విద్యలో ఉండాల్సినవాడు తెలుగు మీద, అందులోనూ కథల మీద పడ్డాడు. ఇంట్లో అది చెడిపోవడం కిందే లెక్క. ఇంగ్లీషు చదువు లేదు, దాంతో వచ్చే ఉద్యోగం లేదు. రాజమండ్రిలో "ప్రబుద్ధాంధ్ర" పత్రిక సొంతంగా నడిపాడు. పత్రిక నడపడమంటే ఏమిటో అచ్చాపీసు వాడి కొడుకుగా నాకు కొంచెం తెలుసు: కాగితం అప్పు, అచ్చు అప్పు, చందాదారుల మొహం చాటు. 1961లో పోయేదాకా ఆయన బతుకు రచయితదీ, చిన్న వ్యాపారిదీ కూడాను. "అనుభవాలూ జ్ఞాపకాలూనూ" చదివితే ఆ మొండితనం ఎలాంటిదో తెలుస్తుంది. చాలా ఆత్మకథల్లో కష్టం గతంలో ఉంటుంది. ఇందులో మాత్రం రాస్తున్న రోజుకి కూడా ఎవరో గుమ్మానికి అడ్డంగా నిలబడే ఉన్నట్టుంటుంది.

పెద్దాపురం చుట్టూ ఆయన రాసిన ఇంకో కథ "వడ్లగింజలు". అందులో తంగిరాల శంకరప్ప చదరంగం ఆటగాడు. అక్కడా రాజదర్శనం దొరకడమే పెద్ద పని. ఆట గెలిచాక ఏం కావాలంటే వడ్లగింజలు అడుగుతాడు: మొదటి గడికి ఒకటి, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, అలా అరవై నాలుగు గళ్ళకీ. ఇది పాత లెక్కే, లోకమంతా తెలిసిందే. మా వృత్తి వాళ్ళకి ఇంకా బాగా తెలుసు, కంప్యూటర్లో అరవై నాలుగు బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య సరిగ్గా ఇదే, 1,84,46,74,40,73,70,95,51,615. వెయ్యి గింజలు ఇరవై గ్రాములనుకుంటే, ఇప్పుడు ప్రపంచమంతా కలిసి పండించే వడ్లు నాలుగు వందల ఏళ్ళు పోసినా చాలవు. (కథ చదువుతూ మధ్యలో కాలిక్యులేటర్ తీశానని మా ఆవిడ నవ్వింది.)

సాధారణంగా దీన్ని తెలివితేటల చమత్కారం కింద చదువుతారు. నాకు మాత్రం సాయిబు బుడ్డికీ శంకరప్ప గింజలకీ చుట్టరికం కనిపిస్తోంది. పనివాణ్ణి "నీకేం కావాలి?" అని అడగడంలో ఇచ్చేవాడి దర్జా ఉంది. శంకరప్ప ఆ దర్జాని అంకెల్లోకి దింపి చూపించాడు. గింజ ఎంత చిన్నదో, మొత్తం అంత పెద్దది. నా విద్యకి వెల కడతావా, కట్టు చూద్దాం. సాయిబు బుడ్డి పారబోసి చెప్పిన మాటనే ఇతను గింజలు లెక్కబెట్టి చెప్పాడు. కథగా నాకు "గులాబీ అత్తరే" ఎక్కువ ఇష్టం. శంకరప్ప గెలుస్తాడని మనకి ముందే అనిపిస్తుంది, విద్యలో అతనికి లోటు ఉన్నట్టు శ్రీపాద ఎక్కడా ఒక్క అనుమానం రానివ్వడు. సాయిబు విషయంలో అలా కాదు. అత్తరు గొప్పదే, అయినా ఏమీ కాకుండా పోవచ్చు. చాలా గొప్ప సరుకు అలాగే పోయింది.

సంక్రాంతి మూడో రోజు ఆత్రేయపురం వెళ్ళాను. మా దొడ్డమ్మ ఇల్లు ఆ పక్కనే. పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ ఊరి రోడ్డు మీద కొట్లూ, బోర్డులూ పెరిగాయి. హైదరాబాద్ స్వీటు షాపుల్లో కూడా "ఆత్రేయపురం" అన్న మాట పెద్దక్షరాల్లో ఉంటోంది. రేకు తీసేది మాత్రం ఇప్పటికీ ఇళ్ళలోనే, ఎక్కువగా ఆడవాళ్ళే. జయ రకం బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలకన్నా పల్చగా కలుపుకుంటారు. కుండని బోర్లించి, లోపల ఎండు కొబ్బరాకు మంట పెడతారు. పల్చటి గుడ్డని ఆ పిండిలో ముంచి కుండ వీపు మీదుగా ఒక్క లాగు లాగుతారు. గుడ్డ వెనకాలే రేకు ఆరిపోయి పైకి లేస్తుంది. రెండు మూడు సెకన్ల పని. మంట ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే అంటుకుంటుంది. ఆ మంటకి మీటర్లేమీ ఉండవు.

దొడ్డమ్మ ఇంటి వెనక ఒకావిడ రేకులు తీస్తోంది. వయసు యాభై పైనే. చూస్తూ కూర్చున్నాను. పదిహేను ఇరవై రేకులకొకటి తీసి పక్కన పారేస్తోంది. నాకు తేడా తెలియలేదు.

"అదెందుకండి పక్కన పడేశారు?"

"మందంగా వచ్చింది బాబూ."

"ఎవరికి తెలుస్తుందండీ అంత చిన్న తేడా?"

నేనేదో గొప్ప మాట వస్తుందని ఎదురు చూశాను. రాసుకోడానికి ఫోన్ కూడా తీశాను. ఆవిడ కుండ మీంచి చూపు తిప్పకుండా, "చుట్టే ఆవిడకి తెలుస్తుందండీ. రేపొద్దున్న వచ్చి నన్ను దులిపేస్తది" అంది.

ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. చుట్టే ఆవిడ నాలుగిళ్ళ అవతల ఉంటుంది. రేకుని తడిగుడ్డతో మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదారో బెల్లమో చల్లి మడత పెట్టేది ఆవిడే. అంటే రేకు తీసే ఆవిడకి ఆ ఒక్క ముక్కు, సాయిబు పెద్దాపురం దాకా వెతుక్కుంటూ వచ్చిన ముక్కు, నాలుగిళ్ళ అవతలే ఉంది. ఆ ముక్కు మహారాజుది కాదు, తనలాంటి ఇంకో పనిమనిషిది. హైదరాబాద్‌లో డబ్బా కొనే నాకు రేకు మందం ఎప్పటికీ తెలియదు. భౌగోళిక గుర్తింపు కాగితానికీ తెలియదు. ఈ సంగతి శ్రీపాద కథల్లో లేదు. ఆయనకి రసికుడంటే పై మెట్టు మీద ఉన్నవాడే. కింద పనివాళ్ళు ఒకరినొకరు చూసుకునే చూపు, ఒకరి పని ఇంకొకరు పట్టుకుని తిట్టే తిట్టు, అవి ఆయన రాజాస్థానం కథల్లోకి రాలేదు. అన్నట్టు, ఆవిడకి రేకుల లెక్కన ఇస్తారు. పారేసిన రేక్కి డబ్బు రాదు. పనితనానికి ఆవిడ తన కూలిలోంచే కట్టుకుంటోంది. దీన్ని "ప్యాషన్" అని పిలిస్తే ఎవరికి లాభమో కొంచెం ఆలోచించాలి.

ఇక "మార్గదర్శి". శ్రీపాద కథల్లో వ్యక్తిత్వ వికాసం వాళ్ళు ఎక్కువగా ఎత్తుకునేది ఇదే. చదువుకున్న కుర్రవాడికి ఉద్యోగం మీద మోజు వదిలించి, సొంత కాళ్ళ మీద వ్యాపారం వైపు దారి చూపించే కథ. బానిసత్వం లాంటి గుమాస్తాగిరీ కోసం ఎగబడే ఆ కాలం చదువుల మీద కోపం ఉంది. ఏ పనీ చిన్నది కాదన్న నమ్మకం ఉంది. బ్రాహ్మణ కుర్రాళ్ళకి సరుకు నెత్తిన పెట్టుకుని అమ్ముకోమని చెప్పడం ఆ రోజుల్లో చిన్న మాటేమీ కాదు. కానీ కథగా అది నన్ను కదిలించదు. ఉపన్యాసం ఎక్కువ. దారి చూపించేవాడికి అన్నీ తెలుసు, చూసేవాడికి వినడమే పని. అత్తరు కథలో ఉన్న గుమ్మం ఇందులో లేదు. మార్గదర్శి దారిలో దివాన్జీ ఎక్కడా ఎదురు రాడు. కష్టపడితే పైకొస్తావు, అంతే. మొదటి కథ రాసిన చేత్తోనే ఇదీ రాశాడంటే ఆశ్చర్యమే. లేదా, మొదటి కథలో నిజం చెప్పాడు, రెండో కథలో తన కోరిక చెప్పుకున్నాడు.

దీన్ని ఒంటరిగా చదవకూడదని నా అభిప్రాయం. పక్కన బోయి భీమన్న "పాలేరు" నాటకం పెట్టుకుని చదవాలి. భీమన్న 1911లో పుట్టింది మా రాజోలు పక్కన మామిడికుదురులోనే. "గుడిసెలు కాలిపోతున్నై"కి 1975లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది గానీ, ఊళ్ళని కదిలించింది "పాలేరు". పాలేరు కుర్రాడు చదువుకుని పెద్ద ఉద్యోగంలోకి వెళ్ళే కథ. ఊరూరా ఆడారు. అది చూసి పిల్లల్ని పాలేరుతనం మాన్పించి బడికి పంపినవాళ్ళు ఉన్నారని మా పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఇప్పుడు ఈ రెండింటినీ పక్కపక్కన చూడండి. ఒకే గోదావరి నీళ్ళు. ఒకాయనకి ఉద్యోగం బానిసత్వం, వ్యాపారం స్వేచ్ఛ. ఇంకొకాయనకి ఉద్యోగమే స్వేచ్ఛ. వ్యాపారం చేద్దామంటే కొట్టుకి ఎవరొస్తారు, అతను ముట్టుకున్న సరుకు ఎవరు కొంటారు? ఆ ప్రశ్న "మార్గదర్శి"కి తట్టదు. "ఇష్టమైన పని చేసుకో" అన్న సలహా ఎవరికి ఇవ్వొచ్చు, ఎవరికి ఇస్తే అన్యాయమో చెప్పడానికి నాకు ఈ రెండూ కలిపి కావాలి.

స్కూల్లో నాతో చదివినవాడొకడు, వాళ్ళ నాన్న డప్పు కొట్టేవాడు, అద్భుతంగా కొట్టేవాడు. వీడికీ ఆ చెయ్యి వచ్చింది. వీడిప్పుడు బ్యాంకులో పని చేస్తున్నాడు. ఒకసారి నేను, ఎక్కడో ఏదో చదివిన ఊపులో, "ఆ కళ వదిలేశావేంట్రా" అన్నాను. వాడు కాసేపు నాకేసి చూసి, "నువ్వు చావు డప్పుకి వచ్చావా ఎప్పుడైనా?" అన్నాడు. తర్వాత క్రికెట్ గురించి మాట్లాడుకున్నాం.

ఇంకో సంగతి. మనిషిని పని చేయించేది ఏమిటని పుస్తకాలు చాలా ఉన్నాయి గానీ, మాన్పించేది ఏమిటని మాత్రం తక్కువగా అడుగుతారు. కోనసీమలో 2011 ఖరీఫ్‌కి రైతులు పంట విరామం ప్రకటించారు. నీళ్ళు లేక కాదు, కాలవ నిండా నీళ్ళుండగానే నాట్లు వెయ్యం అన్నారు. పెట్టిన ఖర్చు వచ్చే ధరకి మించిపోయింది, కూలీ పెరిగింది, మురుగు కాలవలు పూడిపోయి వానొస్తే చేలు మునుగుతున్నాయి. ప్రభుత్వం మోహన్ కందా గారితో కమిటీ వేసింది. అప్పుడు నాకు ఉద్యోగం కొత్త. టీవీలో బీడుపడ్డ కోనసీమ చేలు చూసి నాకు మొదట వచ్చింది భయం. మా తాతగారి లాంటివాళ్ళు నష్టమొచ్చినా వేసేవాళ్ళు, చేను ఖాళీగా ఉంటే నలుగురూ ఏమనుకుంటారని వేసేవాళ్ళు. ఆ సిగ్గుని కూడా దాటి, అందరూ కలిసి ఆపేశారంటే ఏదో చాలా లోతుగా తెగిపోయి ఉండాలి. ఇప్పుడు చూస్తే అదీ బుడ్డి పగలగొట్టడమే. సాయిబు ఒక్కడే, వీళ్ళు ఊళ్ళకి ఊళ్ళు. కాకపోతే ఖాళీ చేనుకి వాసన ఉండదు, అది ఎంత దూరం వెళ్ళిందో నాకు అనుమానమే.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు నాన్నని అడిగాను, ఈసారి ఫోన్లో కాదు, ఎదురుగా. నష్టమొస్తున్నా అన్నేళ్ళు ఎందుకు నడిపారని.

"మూసేస్తే పొద్దున్నే ఎక్కడికెళ్తాను రా?" అన్నారు.

అంతేనా అన్నాను. అంతే అన్నారు. కొంచెం ఆగి అమ్మ అందుకుంది, "అంతే ఎందుకవుద్దీ, ఆ అప్పనపల్లి వాళ్ళ శుభలేఖల సంగతి చెప్పరే" అని. పెళ్ళికూతురి తాతగారి పేరులో ఒత్తు తప్పు పడిందట. అయిదొందల కార్డులు అచ్చయిపోయాయి. వాళ్ళు చూసుకోలేదు, తీసుకెళ్ళిపోయేవాళ్ళే. ఈయన రాత్రంతా కూర్చుని మళ్ళీ కంపోజ్ చేసి, సొంత కాగితం పెట్టి, అయిదొందలూ మళ్ళీ తీసిచ్చారు. "ఎవరికి తెలుస్తుందండీ అంటే వినలేదు" అంది అమ్మ. నాన్న చిరాకు పడ్డారు. "కింద ప్రెస్సు పేరు ఉంటది కదే" అన్నారు. ఆ ఊళ్ళో ఇంకో అచ్చాపీసు ఉండేది ఆ రోజుల్లో. దాని యజమాని చూస్తాడనే కదా అసలు భయం? అడిగితే ఒప్పుకోలేదు గానీ, నవ్వారు. రేకు తీసే ఆవిడకి చుట్టే ఆవిడ ఉన్నట్టు, నాన్నకి ఆయన ఉండేవాడు. ఆయన తన ప్రెస్సు ఎప్పుడో మూసి, కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్ళిపోయాడు. లెక్క వేసి చూస్తే, నాన్న కొత్త టైపు కొనడం మానేసింది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. ఇది నేను అల్లుకున్న కార్యకారణం కావచ్చు. విమర్శ రాసేవాళ్ళకి ఈ రోగం ఉంటుంది.

నేను ఇలాంటి వ్యాసాలు ఎందుకు రాస్తానో కూడా ఈ వరసలోనే ఒప్పుకోవాలి. డబ్బు రాదు. ఆఫీసులో ఎవరికీ తెలియదు. రాత్రి పదకొండు దాటాక, పాప పడుకున్నాక రాస్తాను. మీలో ఒకరిద్దరు ఉన్నారు, శ్రీపాదని నాకన్నా బాగా చదివినవాళ్ళు. తప్పు రాస్తే దులిపేసేవాళ్ళు. ఒక వాక్యం మందంగా వస్తే మీరు గుర్తొచ్చి తీసి పక్కన పడేస్తాను. అన్నీ కాదు, కొన్ని.

బస్సుకి ఇంకా రెండు గంటలుండగా నాన్న వీధి అరుగు మీద కూర్చుని, నా బ్యాగులోంచి తీసిన పుస్తకం తిరగేస్తున్నారు. మొదట చివరి పేజీ చూశారు, ఎక్కడ అచ్చయిందో. కాగితం వేళ్ళ మధ్య నలిపి చూశారు. నేను "గులాబీ అత్తరు" పేజీ తీసిచ్చాను. కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలెట్టారు, కంపోజిటర్లు చదివినట్టే, అక్షరం అక్షరం. ఒకచోట ఆగి, గోటితో గీత పెట్టి, "ఇక్కడ అచ్చుతప్పు" అన్నారు. మళ్ళీ చదువుకుపోయారు. సాయిబు బుడ్డి పగలగొట్టేచోటికి వచ్చారని మొహం చూస్తే తెలిసింది. పుస్తకం కొంచెం కిందికి దించారు.

"బానే ఉంది గానీ" అన్నారు, "వీడిప్పుడు ఇంటికెళ్ళడానికి దారి ఖర్చులెక్కడివి రా?"

నేను చెప్పలేదు. ఆయన పేజీ తిప్పారు.